పిలిచేవాడికి ఆట లేదు

లైల్ హాగెన్ తలలో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన రోజున అతని భార్య ఆర్డిత్ ఏడవలేదు. "అనుకున్నాను," అంది. "ఆ తలలో ఏదో ఒకటి ఉండి తీరాలని పెళ్ళయినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను."

అని, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కారు ఇంటిదాకా తనే నడిపింది. వంటింట్లోకి వెళ్ళి బంగాళదుంపలకు చెక్కు తీయడం మొదలుపెట్టింది. తీసి తీసి, ఒక దుంపను గోళీకాయంత చేసి, అదీ చెక్కుతో పాటు చెత్తబుట్టలో పడేసింది. మనిషి గట్టిపిండం. ఆమె భయపడిందని లైల్‌కి తెలిసే గుర్తు అదొక్కటే. ఆ పూట వాళ్ళు కూర లేకుండా భోంచేశారు.

లైల్ బతకడం ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మి బతికాడు. కానీ సస్కాచువాన్ రాష్ట్రంలో గోధుమ పొలాల నడుమ టాన్‌బర్గ్ అనే ఆ ఊళ్ళో అతను తెలియనివాళ్ళు లేకపోవడానికి కారణం ట్రాక్టర్లు కాదు. గురువారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో స్క్వేర్ డాన్సుకి పిలుపులు చెప్పేది అతనే. నాలుగు జంటలు నాలుగు పక్కలా నిలబడతాయి. ఫిడేలు అందుకుంటుంది. ఇక ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో, ఎవరిని వదిలి ఎవరి దగ్గరికి పోవాలో వేదిక మీద మైకు పట్టుకున్నవాడు చెబుతాడు, కిందవాళ్ళు చేస్తారు. ఎదురు ప్రశ్న ఉండదు. ఇంట్లో ఆర్డిత్ చేత గ్లాసెడు మంచినీళ్ళు తెప్పించుకోలేని మనిషి, గురువారం వచ్చిందంటే హాలు హాలంతటినీ బొంగరంలా తిప్పేవాడు.

అయితే ఆ విద్యకో శాపం ఉంది. పిలిచేవాడికి ఆట లేదు. వంటవాడు ఆఖరి పంక్తిలోనైనా తింటాడు గానీ, పిలుపులు చెప్పేవాడు ఏ పంక్తిలోనూ ఆడడు. లైల్‌కి అది శాపంలా అనిపించలేదనుకోండి. అతను జన్మకల్లా ఒక్కసారే ఆడాడు, తన పెళ్ళిలో. ఆ దెబ్బకి ఆర్డిత్ కాలి బొటనవేలి గోరు ఊడింది. కొత్త గోరు మొలిచేలోపే అతను మైకు పట్టుకున్నాడు.

ఆర్డిత్‌కి మాత్రం ఆటంటే ప్రాణం. మొగుడు వేదికెక్కి కూర్చున్నాక ఆమె ఎవరితో ఆడాలి? క్లారెన్స్ ఫ్రీసెన్‌తో ఆడేది. ఆవుల మంద ఉన్నవాడు, భార్య పోయినవాడు, గుమ్మం దగ్గర తల వంచి రావలసినంత పొడుగు, బూట్లలో మన మొహం చూసుకోవచ్చు. అతని తాత ముత్తాతలు డాన్సు మహాపాపమని నమ్మిన మెనొనైట్ క్రైస్తవులు. వాళ్ళందరూ ఆడకుండా వదిలేసిన ఆటంతా తనే ఆడేసి పోవాలన్నట్టు ఆడేవాడు.

లైల్‌కి కుళ్ళు ఉండేది కాదా అంటే, ఉండేది, కానీ తాడు తన చేతిలోనే ఉండేది. క్లారెన్స్ మరీ ఇకిలిస్తున్నాడనిపిస్తే, "మగాళ్ళంతా కంచె దాకా" అని ఒక్క పిలుపు వేసి, అతన్ని అటు గోడదాకా తోలేసేవాడు. క్లారెన్స్ చచ్చినట్టు వెళ్ళేవాడు.

ఇప్పుడు గడ్డ వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ తాడు దగ్గర. డాక్టర్ బుషార్ అని, క్యూబెక్ నుంచి వచ్చిన సన్నపాటి ఆడమనిషి, ఫోటో చూపిస్తూ మాట ఎక్కడ ఉంటుందో, గడ్డ ఎక్కడ ఉందో చెప్పింది. ఆ రెండింటి మధ్యా కాగితం దూరేంత సందు కూడా లేదు.

"అందుకని మిమ్మల్ని మెలకువగా ఉంచి చేస్తాను," అంది. "మీరు మాట్లాడుతూ ఉంటేనే నేనెక్కడ ఆగాలో నాకు తెలుస్తుంది."

"తల తెరిచిపెట్టి మాట్లాడాలా నేను?" అన్నాడు లైల్.

"తల మూసి ఉన్నప్పుడే ఈయన్ని ఆపలేకపోతున్నాం డాక్టరుగారూ," అంది ఆర్డిత్. "తెరిస్తే ఇక మీ ఇష్టం."

డాక్టరు నవ్వకుండా అసలు సంగతి చెప్పింది. గడ్డలో చాలా భాగం తేలిగ్గా వస్తుంది. అంచున ఒక ముక్క మాత్రం మాటకి ఆనుకుని ఉంది. అది తీస్తే మాట మిగులుతుంది గానీ మాట వేగం పోవచ్చు. వదిలేస్తే గడ్డ మళ్ళీ పెరగొచ్చు. "లోపలికి వెళ్ళాక చూసి, అక్కడే మిమ్మల్ని అడుగుతాను. నిర్ణయం మీది," అంది.

కారెక్కగానే మొగుడూ పెళ్ళాల వాదన మొదలైంది.

"తీయించెయ్," అంది ఆర్డిత్.

"వదిలెయ్యమంటాను."

"నీకు మతిపోయిందా?"

"పోలేదు, అందులోనే ఉంది, ఇప్పుడే ఫోటో చూశాంగా."

"పిలుపులు చెప్పకపోతే కొంప మునుగుతుందా లైల్? హాయిగా కిందకి దిగి అందరిలా ఆడు."

"నాకు ఆట రాదు."

"ఊరందరికీ నేర్పావు."

"చెప్పడం వేరు, చెయ్యడం వేరు. నీ గోరుని అడుగు."

ఆర్డిత్ ఊరు వచ్చేదాకా చేలల్లో మంచు చూస్తూ కారు నడిపింది. లైల్ అసలు మాట చెప్పలేదు. హాల్లో కాఫీ కూజా పక్కన ఒక కుర్చీ ఉంది. మోకాళ్ళు పోయినవాళ్ళు, గుండె ఆపరేషన్లయినవాళ్ళు అందులో కూర్చుని ఆట చూస్తారు. మాట వేగం పోయిందంటే ఆ కుర్చీ తనదే. చల్లారిన కాఫీ చప్పరిస్తూ, తన భార్యను క్లారెన్స్ గిరగిరా తిప్పుతుంటే చూడాలి. అప్పుడు "కంచె దాకా" అని అరిచినా ఎవడూ పోడు. లైల్‌కి చావంటే ఏమంత భయం లేదు. ఆ కుర్చీ అంటే ఉంది.

ఆపరేషన్ రోజున మత్తిచ్చి నిద్రపుచ్చారు. తల తెరిచాక లేపారు. లేవగానే అతనికి కనిపించిన మొహం డోర్కస్‌ది. డోర్కస్ టాన్‌బర్గ్ మనిషే. అక్కణ్ణుంచి ఈ సస్కటూన్ ఆసుపత్రికి కారులో వచ్చి నర్సుపని చేసి వెళుతుంది, గురువారం మాత్రం ఎవరు చచ్చినా బతికినా డ్యూటీ వేసుకోదు.

"లే పెద్దాయనా," అంది. "నీ తల తెరిచాం."

"ఏముంది లోపల?"

"మేమూ అదే వెతుకుతున్నాం."

లైల్ పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. తలను ఇనుప పట్టీ ఒకటి కదలకుండా బిగించింది. మొహం ముందు నీలం గుడ్డతో చిన్న గుడారం వేశారు. గుడ్డకి అవతల డాక్టర్ బుషార్, ఆమె మనుషులు, అతని మెదడు. ఇవతల అతను, బొమ్మల అట్టలు పట్టుకుని టామ్సిన్ అనే అమ్మాయి. మాట తప్పుతోందో లేదో కనిపెట్టడం ఆ అమ్మాయి పని. కాస్త దూరంలో మీటర్లు చూసుకుంటూ, గడ్డం మీద ముసుగు, ముసుగు మీద ఇంకో ముసుగు వేసుకున్న మత్తు డాక్టరు.

నొప్పి ఉంటుందనుకున్నాడు. లేదు. తల చర్మాన్ని ముందే మొద్దుబార్చారు, మెదడుకేమో నొప్పి తెలియదట. ఎక్కడో దూరంగా పక్కింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు వినిపిస్తోంది, ఆ పక్కిల్లు తన తలే. తల తెరిచిపెట్టి ఉన్నప్పుడు మనిషికి దేవుడి గురించో జన్మ గురించో మహా మహా ఆలోచనలు వస్తాయనుకున్నాడు లైల్. వచ్చింది ముక్కు దురద.

"అమ్మాయ్, కాస్త ముక్కు గోకుతావా?"

టామ్సిన్ గోకింది.

"ఇంకాస్త పైకి. కాదు, ఎడమకి. ఆ, అక్కడ. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

తర్వాత బొమ్మలు మొదలయ్యాయి. కత్తెర అన్నాడు, బాతు అన్నాడు, ముళ్ళజెముడు అన్నాడు. ట్రాక్టరు బొమ్మ దగ్గర ఆగిపోయాడు. టామ్సిన్ గబుక్కున తల ఎత్తి డాక్టరు వైపు చూసింది.

"మాట రావడం లేదా?" అంది డాక్టరు గుడ్డ వెనక నుంచి.

"వస్తోంది," అన్నాడు లైల్. "ఇది గీసినవాణ్ణి తిట్టాలా వద్దా అని చూస్తున్నాను. ముందు ఇరుసు ఎక్కడ పెట్టాడో చూడండి. ఈ బండి గేటు కూడా దాటదు."

"ట్రాక్టరు అంటే చాలండీ," అంది టామ్సిన్.

"నువ్వు దాన్ని ట్రాక్టరంటే నేనేం చెయ్యను తల్లీ, నా నోటితో నేననలేను."

డాక్టరు కరెంటు పుల్లతో మెదడు మీద ఎక్కడో తాకింది. లైల్ కుడి బొటనవేలు దానంతటది ఎగిరి కూర్చుంది.

"నేను ఆడించలేదు దాన్ని," అన్నాడు లైల్.

"నేనే ఆడించాను," అంది డాక్టరు.

లైల్ వేలి వంక చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ ఒకళ్ళని ఆడించినవాడికి, తనని ఇంకొకరు ఆడిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏమంత బాగోలేదు.

"ఈ బొమ్మలు లాభం లేదు," అంది డాక్టరు. "ఈయన మాట వేగంగా సాగితే గాని నాకు తెలియదు. వేగంగా ఏం చెప్పగలరు మీరు?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. డోర్కస్ కళ్ళు మూసుకుంది. లైల్ తడి స్పాంజితో నోరు తడిపించుకుని, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"కుడిచెయ్యి ఎదుటోడికి, ఎడమచెయ్యి పక్కోడికి, చుట్టూ తిరిగి చూసుకుంటూ సొంత జోడీ చెంతకి. ఆడాళ్ళంతా నడుమకి రండి, మగాళ్ళంతా కంచె దాకా, మోచెయ్యేసి తిప్పరా దాన్ని కోడిపుంజు కూసేదాకా."

చిన్నప్పటి నుంచీ ఆ గొంతుకి కదిలిన కాళ్ళు అవి, డోర్కస్ మాత్రం ఏం చేస్తుంది పాపం. ముందు మడమ ఊగింది. తర్వాత మోకాలు. "మోచెయ్యేసి" అన్నచోట ఆమె మోచెయ్యి మత్తు డాక్టరు మోచేతిలో ఉంది. ఆయన మీటర్ల మీంచి చూపు తిప్పకుండానే ఒక చుట్టు తిరిగాడు. ఆయనా ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడే.

"ఇది ఆపరేషన్ థియేటరా, తిరనాళ్ళా?" అంది డాక్టర్ బుషార్.

"మేం దేన్నీ ముట్టుకోవడం లేదు డాక్టరుగారూ," అంది డోర్కస్ ఆయాసపడుతూ. "మీ పని మీరు కానివ్వండి."

డాక్టరు పుల్ల పెడుతోంది, తీస్తోంది. లైల్ చెబుతూనే ఉన్నాడు. హుషారెక్కిపోయింది. హుషారెక్కితే అతనికో దుర్గుణం ఉంది, ఊరందరికీ తెలుసు. కుడి అనాల్సినచోట ఎడమ అంటాడు, రావాల్సినవాళ్ళని పొమ్మంటాడు, జనం ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటుంటే మైకు పక్కకి తిప్పి నవ్వుకుంటాడు. డోర్కస్ వెనక ఖాళీ సెలైన్ స్టాండు ఒకటి అతని కంట పడింది. ఇక ఆగుతాడా?

"వదిలెయ్ నీ జోడీ చెయ్యి, వాటేసుకో నీ వెనకోణ్ణి."

డోర్కస్ గిర్రున తిరిగి సెలైన్ స్టాండుని కౌగిలించుకుంది.

"తప్పు చెప్పాడు," అని అరిచింది.

"తప్పా?" అంది డాక్టరు. "సరిగ్గా ఇక్కడ తాకాను. చీటీ పెట్టండి, ఈ చోటు మాటది, ముట్టుకోకూడదు." మెదడు మీద అంకె వేసిన చిన్న చీటీ ఒకటి పెట్టేశారు.

"తప్పంటే ఆ తప్పు కాదు డాక్టరుగారూ," అంది డోర్కస్ స్టాండుని వదిలి. "అది జబ్బు కాదు, అది ఈయన బుద్ధి."

గుడ్డ వెనక నుంచి డాక్టరు గొంతు వచ్చింది.

"మిస్టర్ హాగెన్. నేను మీ మెదడులో చెయ్యి పెట్టుకుని ఉన్నాను. మీరు నాతో పరాచికాలాడుతున్నారా?"

"మీతో కాదండీ. డోర్కస్‌తో."

"ఇంకొక్కసారి ఆడారంటే కుట్లు వేసి ఇంటికి పంపించేస్తాను." చీటీ తీసేశారు. మళ్ళీ మొదటినుంచి.

లైల్ ఈసారి బుద్ధిగా చెప్పాడు. చెప్పి చెప్పి ఆట చివరికి వచ్చాడు. ప్రతి ఆటా ముగిసేది ఒకటే పిలుపుతో. ఎన్ని చేతులు మారినా, ఎవరెవరితో తిరిగినా, ఆఖర్న ఎవరి జోడీని వాళ్ళు పట్టుకుని, మొదట నిలబడ్డ చోటికి నడిపించుకు రావాలి. ఆ చోటునే ఇల్లంటారు.

"పట్టుకో నీ జోడీ చెయ్యి," అన్నాడు, "నడిపించుకొచ్చి బంగాళదుంప."

డోర్కస్ పగలబడి నవ్వింది. మత్తు డాక్టరు భుజాలు ఊగాయి. టామ్సిన్ పెదవి కొరుక్కుంది.

"మళ్ళీనా?" అంది డాక్టరు, నీరసంగా. "సరే, ఇది లెక్కలోకి రాదు. ముందుకి పోదాం."

లైల్‌కి తెలుసు, అది పరాచికం కాదు. అతనికి కావలసిన మాట ఎదురుగా కనిపిస్తోంది, దాని అర్థం తెలుసు, ఆ చోటు తెలుసు, అక్కడ నిలబడ్డ మనుషులు కూడా కనిపిస్తున్నారు. నోరు తెరిస్తే దుంప వస్తోంది. కాదు అని చెప్పబోయాడు. "బంగాళదుంప," అన్నాడు. డాక్టరమ్మా ఆగు అనబోయాడు. "బంగాళదుంప, బంగాళదుంప." డోర్కస్ ఇంకా నవ్వుతోంది. జీవితమంతా జనాన్ని తప్పుదారి పట్టించి నవ్వినవాడు, ఇవాళ నిజంగా దారి తప్పితే నమ్మేవాడు లేడు. కంట్లోంచి నీళ్ళు జారి చెవిలోకి పోయాయి.

టామ్సిన్ అది చూసింది. "డాక్టర్, ఒక్క నిమిషం ఆపండి. ఏడుస్తున్నారు."

డాక్టరు పుల్ల తీసింది. మాట తలుపు తీసినట్టు వచ్చేసింది.

"ఇల్లు," అన్నాడు లైల్. "ఇల్లు, ఇల్లు, ఇల్లు. డాక్టరమ్మా, అది పరాచికం కాదు. మాట రాలేదు నాకు."

"నాకెలా తెలుస్తుంది?"

"ఇల్లు చేర్చే పిలుపు మీద నేను పరాచికమాడను. ఎవరూ ఆడరు. దేనితోనైనా ఆడుకోవచ్చు గానీ, మనుషుల్ని పరాయివాళ్ళ చేతుల్లో వదిలేసి మైకు కట్టేస్తే వాడు పిలిచేవాడే కాదు."

డోర్కస్ నవ్వు ఆగిపోయింది. "నిజమే డాక్టరుగారూ," అంది. "నన్ను స్తంభానికి గుద్దించాడు, కాఫీ బల్ల మీద పడేయించాడు, ఒకసారి పాస్టరుగారిని వాటేసుకునేలా చేశాడు. కానీ ఇంటికి మాత్రం ఏనాడూ తప్పు చేర్చలేదు. నాదే పొరపాటు."

"అయితే ఇక అదొక్కటే చెప్పండి," అంది డాక్టర్ బుషార్. "నేను తీస్తూ ఉంటాను, మీరు ఆపకుండా అదే చెప్పండి. అది తప్పితే నేను ఆగుతాను."

అలా మొదలైంది. "పట్టుకో నీ జోడీ చెయ్యి, నడిపించుకొచ్చి ఇల్లు చేర్చెయ్యి." మళ్ళీ. "పట్టుకో నీ జోడీ చెయ్యి, నడిపించుకొచ్చి ఇల్లు చేర్చెయ్యి." గుడ్డ అవతల సన్నగా జుర్రుతున్న చప్పుడు, గడ్డ పోతున్న చప్పుడు. ఇవతల ఆ ఒక్క పిలుపు. డోర్కస్ ఆడడం మానేసి అతని చెయ్యి పట్టుకుంది.

ఏ మాటనైనా అన్నిసార్లు అంటే అది మాటగా ఉండదు, లోపలున్నది బయటపడుతుంది. నీ జోడీ చెయ్యి పట్టుకో. ఈ మాట ఇన్నేళ్ళూ తను ఎవరికి చెబుతూ వచ్చాడు? క్లారెన్స్ ఫ్రీసెన్‌కి. ఆర్డిత్ చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చమని, గురువారం గురువారం, మైకు పెట్టి మరీ ఊరందరి ముందూ చెప్పాడు. క్లారెన్స్ చేర్చాడు. ఇల్లు చేరగానే ఆర్డిత్ తలెత్తి వేదిక వైపు చూసేది. ప్రతిసారీ చూసేది. అప్పటికి తను ఫిడేలువాడి వైపు తిరిగి తర్వాత ఏ పాటో చెబుతూ ఉండేవాడు. వెధవా, ఒక్కసారి ఆగి చూస్తే నీ సొమ్మేం పోయేది అనుకున్నాడు లైల్, పిలుపు ఆపకుండానే.

"పెద్ద ముక్క వచ్చేసింది," అంది డాక్టరు. "ఇక అంచు మిగిలింది. నేను చెప్పినదే మళ్ళీ చెబుతున్నాను. తీస్తే వేగం పోవచ్చు. ఈ పిలుపులు ఇలా పరుగెత్తకపోవచ్చు. వదిలేస్తే మళ్ళీ రావచ్చు. ఏం చెయ్యమంటారు?"

కాఫీ కూజా పక్కన కుర్చీ లైల్ కళ్ళ ముందుకి వచ్చింది. దాన్ని బాగా చూశాడు.

"అది తీస్తే నా కాళ్ళు పనిచేస్తాయా డాక్టరమ్మా?"

"కాళ్ళా? కాళ్ళకీ దీనికీ సంబంధం లేదు. మీ కాళ్ళు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి."

"ఆ కాళ్ళు ముందు నుంచీ పనిచెయ్యవండీ," అంది డోర్కస్. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

"తీసెయ్యండి," అన్నాడు లైల్.

మళ్ళీ పిలుపు అందుకున్నాడు. డాక్టరు తీస్తూ పోయింది. పిలుపు పరుగు నుంచి నడకకి వచ్చింది. నడక నుంచి ముసలివాడి నడకకి వచ్చింది. పట్టుకో, నీ, జోడీ, చెయ్యి. ఒక్కొక్క మాటా ఒకసారి కూర్చుని లేచి వచ్చింది. ఇల్లు దగ్గర ఎక్కువసేపు ఆగింది, కానీ వచ్చింది. "ఇక్కడితో చాలు," అంది డాక్టరు. "అంతా వచ్చేసింది." తర్వాత మత్తు డాక్టరు వచ్చి, ఇక పడుకో నాయనా అన్నాడు.

ఇంటికొచ్చాక చాలా రోజులు లైల్ మాటలు కొట్టంలోంచి ఆవులు వచ్చినట్టు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి, మధ్యలో ఒకటి గుమ్మంలో అడ్డంగా నిలబడేది. ఆర్డిత్ కూర్చుని వినేది. పెళ్ళయ్యాక మొగుడి మాట పూర్తిగా వినడం ఇదే మొదలని ఊళ్ళో చెప్పుకుంది.

"ఎందుకు తీయించావు?" అని అడిగింది ఒకరోజు.

లైల్ చాలాసేపు వెతికాడు. "కాళ్ళు... ఉన్నాయి... కదా," అన్నాడు.

"ఉన్నాయి, రాత్రంతా నన్నే తంతున్నాయి," అంది ఆర్డిత్. వంటింట్లోకి వెళ్ళి దుంపలు తీసింది. లైల్ తొంగి చూశాడు. చెక్కు పలచగా, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా వస్తోంది. అతని మనసు కుదుటపడింది.

మంచు కరిగాక ఒక గురువారం హాలుకి వెళ్ళారు. లైల్ నెత్తిన ఉన్ని టోపీ, టోపీ కింద గుర్రపు నాడా లాంటి మచ్చ. లోపలికి వెళ్ళగానే ఎవరూ చెప్పకుండానే కాఫీ కూజా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పిలవడానికి ఎవరూ లేక చలికాలమంతా ఆట లేదట. ఫిడేలువాడు తీగలు సవరించుకుంటూ దిక్కులు చూస్తున్నాడు.

ఆర్డిత్ కోటు విప్పి మొగుడి ఒళ్ళో పడేసి, తిన్నగా వేదికెక్కి మైకు తీసుకుంది.

"నాకొచ్చా అని అడక్కండి," అంది. "ఇన్నేళ్ళు కాళ్ళతో విన్నాను."

జంటలు లేచాయి. క్లారెన్స్ ఫ్రీసెన్ హాలు మధ్యలో ఒంటరిగా మిగిలాడు. చుట్టూ చూసి, తళతళలాడే బూట్లతో కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నా జోడీని మైకు ఎత్తుకుపోయింది," అన్నాడు. "ఇక నువ్వే దిక్కు. లే."

"నాకు... ఆట..."

"రాదు. ఊరందరికీ తెలుసు. లే మరి."

అలా లైల్ హాగెన్ ఆడమనిషి చోటున నిలబడి క్లారెన్స్ చెయ్యి పట్టుకున్నాడు. ఆర్డిత్ మొదలుపెట్టింది. లైల్ కుడి అంటే కుడికే వెళ్ళాడు, కానీ అందరూ వెళ్ళిపోయాక వెళ్ళాడు. క్లారెన్స్ బూట్లు రెండూ తొక్కాడు, ఒకదాన్ని రెండుసార్లు. క్లారెన్స్ అతన్ని మేకపిల్లను తిప్పినట్టు తిప్పుతుంటే టోపీ ఊడి ఫిడేలువాడి కాళ్ళ దగ్గర పడింది. డోర్కస్ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. ఇంతలో పైనుంచి ఆర్డిత్ గొంతు తేనెలా వచ్చింది.

"వదిలెయ్ నీ జోడీ చెయ్యి, వాటేసుకో నీ వెనకోణ్ణి."

లైల్ తిరిగి వాటేసుకున్నాడు. స్తంభం.

"ఎలా ఉంది?" అంది ఆర్డిత్ మైకులో. హాలంతా గొల్లుమంది. లైల్ కూడా స్తంభాన్ని పట్టుకునే నవ్వాడు. నవ్వు మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

ఆట చివరికి వచ్చింది. అందరూ ఎవరెవరి చేతులో పట్టుకుని, ఇల్లు చేర్చే పిలుపు కోసం అడుగులో అడుగు వేస్తున్నారు. ఆర్డిత్ నోరు తెరిచి, మూసింది. ఎవరూ ఏనాడూ చెయ్యని పని చేసింది. మైకు కిందపెట్టి వేదిక దిగేసింది. జనం మధ్యలో నిలబడిపోయారు. ఫిడేలువాడు ఒకే వరస తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. ఆమె నేరుగా స్తంభం దగ్గరికి నడిచి వచ్చి లైల్ ముందు చెయ్యి చాపింది.

"అందరూ చూస్తున్నారు లైల్," అంది మెల్లగా. "వాళ్ళని అలా వదిలేస్తావా?"

లైల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మాట కోసం వెతికాడు. హాలంతా కాళ్ళు ఆడిస్తూ ఆగింది.

"పట్టుకో," అన్నాడు. ఒక అడుగు వేశాడు. "నీ... జోడీ... చెయ్యి." ఇంకో అడుగు. ఆర్డిత్ కాలిని తొక్కలేదు. "నడిపించుకొచ్చి..." అక్కడ మాట ఆగింది. గుమ్మంలో ఆవు అడ్డంగా నిలబడింది. లైల్ భార్య మొహంలోకి చూశాడు, ఈసారి ఫిడేలు వైపు తిరగలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు. ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు. ఆమె ఎప్పుడూ నిలబడే చోటు వచ్చింది. అక్కడ ఆగారు.

"ఇల్లు," అన్నాడు లైల్.

జంటలన్నీ గబగబా ఎవరి చోటికి వాళ్ళు చేరిపోయాయి. స్తంభం పక్కన క్లారెన్స్ ఒక్కడే మిగిలి, తొక్కుడు పడ్డ బూట్లని జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"మరి నేనెక్కడికి పోవాలి?" అన్నాడు.

"కంచె... దాకా," అన్నాడు లైల్.

క్లారెన్స్ గోడదాకా వెళ్ళి, అక్కడ నిలబడి అందరి కంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు.